రగ్బీ సెవెన్స్‌లో ప్రాప్‌కీ వింగర్‌కీ ఒకే ఫిట్‌నెస్ సరిపోతుందా?

నంబర్1_జెర్సీ
ఇన్నాళ్లూ వింగ్‌లో, అంటే టచ్‌లైన్ (పక్క గీత) అంచున, ఆడాను, ఈ సీజన్ కోచ్ ప్రాప్‌కి, అంటే బంతి కోసం రెండు టీములూ తోసుకునే స్క్రమ్‌లోకి, మార్చాడు. పొడుగున్నావు, గాల్లో బంతి బాగా అందుకుంటావు, కిక్ ఆఫ్‌లకి పనికొస్తావు అన్నాడు. పొజిషన్ నాకు నచ్చింది, నా గొడవంతా ట్రైనింగ్ గురించే. మా ట్రైనర్ టీమ్ మొత్తానికి ఒకటే చేయిస్తాడు, బ్రాంకో (పోయి వచ్చే షటిల్ పరుగు), రిపీట్ స్ప్రింట్లు, మళ్లీ బ్రాంకో. అడిగితే సెవెన్స్‌లో పొజిషన్లు పేరుకే, అందరూ పరిగెత్తాల్సిందే అంటాడు. వింగ్‌లో ఉన్నప్పుడు మ్యాచ్ అయ్యాక తొడలు పట్టేసేవి. ఇప్పుడు తొడలు బానే ఉంటున్నాయి గానీ చేతులు లేవట్లేదు, నడుం పట్టేస్తోంది, సెకండాఫ్‌లో టాకిల్ చేసి కింద పడ్డాక లేవడానికే టైమ్ పడుతోంది. అంటే పని వేరే అన్నట్టే కదా? పని వేరే అయినప్పుడు ఫిట్‌నెస్ ఒకటే ఎలా అవుతుంది? మీ టీముల్లో ఎలా చేయిస్తున్నారో చెప్పండి.

ఏడునిమిషాలు
మీ ట్రైనర్ చెప్పింది కరెక్టే బ్రో. గ్రౌండేమో ఫుల్ సైజు, 100 మీటర్లు బై 70, మనుషులేమో ఏడుగురు. అందులో ప్రాప్‌వి, వింగర్‌వి అని సరిహద్దులేం ఉండవు. బంతి ఎటు పోతే అటు ఉరకాలి.

పదిహేనోళ్ల_ప్రాప్
ఉరకాలి సరే, ఉరికాక ఏం చెయ్యాలన్నది ముఖ్యం కదా తమ్ముడూ. వింగర్ ఉరికితే ట్రై లైన్ (దాటి బంతి నేలకి ఆనిస్తే ట్రై, అంటే పాయింట్లు) వస్తుంది, ప్రాప్ ఉరికితే రక్ (కింద ఉన్న బంతి మీద తోపులాట) వస్తుంది.

ఏడునిమిషాలు
@పదిహేనోళ్ల_ప్రాప్ మీది 15ల (పదిహేను మంది ఆడే రగ్బీ) లెక్క అన్నా. అక్కడ ప్రాప్‌లు 115, 120 కిలోలు ఉంటారు, ఎనిమిది మంది కలిసి స్క్రమ్ తోస్తారు. ఇక్కడ స్క్రమ్‌లో ముగ్గురే, బంతి క్షణంలో బయటికొచ్చేస్తుంది. అసలు తోసేదెక్కడ?

జీపీఎస్_చొక్కా
మా టీమ్ జీపీఎస్ డేటా నేనే చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. ఇద్దరూ చెరో సగం కరెక్ట్. ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌ల్లో, ఇంటర్నేషనల్ లెవెల్లో, పూర్తి మ్యాచ్ ఆడిన ప్లేయర్ సుమారు 1,500 మీటర్ల పైనే కవర్ చేస్తాడు, అంటే నిమిషానికి 100 నుంచి 120 మీటర్లు. 15లలో మొత్తం దూరం చాలా ఎక్కువే గానీ నిమిషానికి చూస్తే 70 దరిదాపుల్లో ఉంటుంది. ఈ నిమిషం లెక్కలో సెవెన్స్ ఫార్వర్డ్స్‌కీ (స్క్రమ్‌లో ఉండే ముగ్గురు) బ్యాక్స్‌కీ (మిగతా నలుగురు) పెద్ద తేడా కనపడదు, మీ ట్రైనర్ చూస్తున్నది బహుశా ఇదే. అయితే అదే ఫైల్లో హై స్పీడ్ మీటర్లు, టాప్ స్పీడ్ తెరిచి చూస్తే బ్యాక్స్ పైకి పోతారు, ఒక్కో లాంగ్ స్ప్రింట్ పొడుగు కూడా వాళ్లదే ఎక్కువ. ఇక అసలు విషయం, జీపీఎస్‌కి కుస్తీ కనపడదు. ప్రాప్ రక్‌లో ఒకణ్ణి నాలుగు సెకన్లు పట్టుకుని తోశాడనుకోండి, శాటిలైట్ దృష్టిలో ఆ నాలుగు సెకన్లు అతను నిలబడి ఉన్నాడు. గుండె మాత్రం ఫుల్ స్పీడ్‌లో కొట్టుకుంటూ ఉంటుంది. నంబర్1 తమ్ముడు చెప్తున్న చేతుల అలసట ఆ నాలుగు సెకన్లలోనే ఉంది. మీటర్లు మాత్రమే చూసి అందరూ ఒకటే అనడం అందుకే తప్పు.

మధ్యలో_హుకర్
జీపీఎస్ అన్న చెప్పిన ఆ "నిలబడి ఉన్నాడు" ముక్క ఫ్రేమ్ కట్టి మా డ్రెస్సింగ్ రూమ్‌లో పెట్టుకోవాలి.

మధ్యలో_హుకర్
కొంచెం ఆట కోణం నుంచి కూడా చెప్తా. సెవెన్స్‌లో ట్రై కొట్టిన టీమే మళ్లీ కిక్ ఆఫ్ చేస్తుంది, 15లకి రివర్స్. అంటే మనోళ్లు ట్రై కొట్టారు, వింగర్ అక్కడ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు, మనం ఫార్వర్డ్స్ ఆ బ్రేక్‌కి సపోర్ట్‌గా వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చాం, ఇప్పుడు మళ్లీ సగం గ్రౌండ్ వెనక్కి జాగింగ్, లైన్లో నిలబడగానే కిక్, బంతి గాల్లో ఉన్నంతసేపు ఫుల్ స్ప్రింట్, ఎదుటి పొడుగోడితో గాల్లో పోటీ, కింద పడగానే లేచి టాకిల్, టాకిల్ చేశాక రక్ మీద పోటీకి దిగాలా లైన్లోకి పోవాలా అని అర సెకన్‌లో నిర్ణయం. ఇందులో ఫుల్ స్ప్రింట్ పాతిక మీటర్లు కూడా ఉండదు, కానీ ఒంట్లో ఉన్నదంతా అయిపోతుంది. ఒకే మ్యాచ్‌లో ఐదారు ట్రైలు పడితే ఇదంతా ఐదారు సార్లు.

టచ్‌లైన్_పిల్ల
వింగర్లు ఊపిరి తీసుకుంటూ నిలబడతారా 😀 అన్నా, ఆ ట్రై కోసం 60 మీటర్లు ఎవరు పరిగెత్తారంట?

సీరియస్‌గా చెప్తా. మా కష్టం ఎక్కువ కాదు, వేరే రకం అంతే. నిమిషం పాటు లైన్లో అటూ ఇటూ షఫుల్ చేస్తూ ఉంటాం, ఒక్కసారిగా బంతి వస్తుంది, ఒళ్లు సగం చల్లబడ్డాక సున్నా నుంచి ఫుల్ స్పీడ్‌కి పోవాలి. హ్యామ్‌స్ట్రింగ్‌లు పోయేది అక్కడే. ఇంకోటి డిఫెన్స్. ఒకరు స్వీపర్‌గా వెనకుంటే లైన్లో ఆరుగురు, 70 మీటర్లకి ఆరుగురంటే ఒక్కొక్కరికి పదకొండు పన్నెండు మీటర్ల ఖాళీ. చివర్లో ఉన్న నాకు టచ్‌లైన్ తప్ప ఇంకెవరూ తోడుండరు. ఎదుట మనిషి లోపలికి వస్తుందా బయటికి పోతుందా తెలీదు, ఒక్క అడుగు తప్పేస్తే ట్రై. ఆ ఒక్క అడుగు బ్రేక్ వెయ్యడానికి, దిశ మార్చడానికి కావాల్సిన బలం బ్రాంకోతో రాదు. కాబట్టి ఒకే ట్రైనింగ్ వల్ల నష్టం ప్రాప్‌కే కాదు, నాకూ ఉంది. అందరితో కలిపి మధ్యస్థం స్పీడ్‌లో పరిగెత్తించి పరిగెత్తించి, నా టాప్ స్పీడ్‌ని వారానికి ఒక్కసారైనా తాకే అవకాశం లేకుండా చేస్తున్నారు.

ఏడునిమిషాలు
సరే స్పీడ్ గురించి ఒప్పుకుంటా. కానీ వట్టి స్పీడ్ ఉంటే వింగర్ అయిపోతారా? అమెరికా కార్లిన్ ఐల్స్‌ని చూడండి, ట్రాక్ నుంచి వచ్చాడు, 100 మీటర్లు 10.13 సెకన్లు. వచ్చిన కొత్తలో పరుగు చూసి లోకం నోరెళ్లబెట్టింది, కానీ టాకిల్, రక్, రిపీట్ పరుగులు అన్నీ నేర్చుకున్నాకే కదా ఏళ్ల తరబడి ఆడాడు. నేనంటున్నది కూడా ఇదే, కామన్ బేస్ లేకపోతే స్పెషల్ టాలెంట్ రెండో నిమిషంలోనే అయిపోతుంది.

టచ్‌లైన్_పిల్ల
బేస్ వద్దని ఎవరన్నారు? బేస్ దగ్గరే ఆగిపోవద్దంటున్నా.

స్వీపర్9
ఫార్వర్డ్స్, వింగర్స్ వాదించుకుంటూ మధ్యలో వాళ్లని మర్చిపోయారు. స్క్రమ్ హాఫ్ (రక్ నుంచి బంతి తీసి పాస్ ఇచ్చేవాడు) ప్రతి రక్ దగ్గరికీ చేరాలి, రక్ ఎక్కడ పడుతుందో మన చేతిలో లేదు. డిఫెన్స్‌లో స్వీప్ చేస్తే బంతి వెంట ఈ టచ్‌లైన్ నుంచి ఆ టచ్‌లైన్ దాకా అడ్డంగా పరుగు. టాప్ స్పీడ్ తక్కువే, ఆగడం మాత్రం ఉండదు. అలా రొప్పుతూనే పదిహేను మీటర్ల పాస్ ఛాతీ ఎత్తుకి వెయ్యాలి. మా ఫిట్‌నెస్ అంటే అలసటలో కూడా చెయ్యి తప్పకపోవడం.

ఇంక కిక్‌లు కొట్టే ఫ్లై హాఫ్ సంగతి. ట్రై పడగానే మిగతావాళ్లకి కాస్త ఊపిరి, కిక్కర్‌కి అదీ లేదు. కన్వర్షన్ (ట్రై తర్వాత పోల్స్ మధ్యకి కొట్టే కిక్) 30 సెకన్లలో డ్రాప్ కిక్‌గా, అంటే బంతిని నేలకి వదిలి లేవగానే, కొట్టాలి, అది అయ్యీ అవ్వగానే మధ్య గీత దగ్గరికి పరిగెత్తి కిక్ ఆఫ్ కొట్టాలి. గుండె దడదడలాడుతుంటే డ్రాప్ కిక్ ఎంత కష్టమో కొట్టినోడికే తెలుసు. మా కోచ్ కిక్కింగ్ ప్రాక్టీస్‌ని సెషన్ మొదట్లో పెట్టడం మానేసి షటిల్స్ మధ్యలో పెట్టాడు, అప్పట్నుంచీ మ్యాచ్‌లో కిక్ ఆఫ్‌లు పది మీటర్లు దాటకుండా పడిపోవడం బాగా తగ్గింది.

జీపీఎస్_చొక్కా
@స్వీపర్9 ఇది మంచి పాయింట్, కిక్కర్ విశ్రాంతి గురించి ఎవరూ మాట్లాడరు. ఇకనుంచి మా ఫైల్స్‌లో ట్రై తర్వాత అర నిమిషం విడిగా తీసి చూస్తా.

కొత్తవాడు_రగ్బీ
ఒక డౌట్. బ్రాంకో అంటే ఏంటి?

మధ్యలో_హుకర్
20 మీటర్లు పోయి రావాలి, 40 పోయి రావాలి, 60 పోయి రావాలి. ఇదంతా ఒక రౌండ్, 240 మీటర్లు. ఆగకుండా ఐదు రౌండ్లు, మొత్తం 1,200. ఎంత టైమ్‌లో చేశావన్నదే స్కోరు.

కండిషనింగ్_సర్
అదే బ్రాంకో నుంచి మొదలెడతాను. నేను ట్రైనర్‌ని, మీ ట్రైనర్ తరఫున కూడా కొంచెం మాట్లాడాలి. టీమ్ మొత్తానికి ఒక టెస్ట్ పెట్టడం తప్పు కాదు, లేకపోతే ఎవరు ఎక్కడున్నారో తెలీదు. కానీ ఆ స్కోరుని చదివే పద్ధతి మారాలి. బ్రాంకోలో ప్రతి 20, 40, 60 దగ్గర ఆగి తిరగాలి. 102 కిలోల మనిషి ప్రతి మలుపులోనూ 102 కిలోలకి బ్రేక్ వేసి మళ్లీ కదిలించాలి, 84 కిలోల మనిషికి ఆ ఖర్చు లేదు. కాబట్టి ప్రాప్ కొన్ని సెకన్లు వెనకపడితే బద్ధకం అనుకోకండి. అదే 102 కిలోల మనిషి సెకనుకి 8.5 మీటర్ల వేగంతో వస్తే బరువు ఇంటూ వేగం 867, 84 కిలోల మనిషి 9.4తో వచ్చినా 790 దాటడు. డిఫెండర్‌కి తగిలేది ఆ 867. ప్రాప్‌ని టీమ్‌లో పెట్టుకున్నది దానికోసం, దాన్ని తగ్గించి బ్రాంకో టైమ్ బాగుచేసుకోమనడం నాకు నచ్చదు.

మా దగ్గర వారంలో ఎక్కువ భాగం అందరికీ ఒకటే. ప్రతి సెషన్ చివరి పావుగంట మాత్రం విడగొడతాం. ఫార్వర్డ్స్‌కి కింద పడి లేవడం, లేవగానే ఎదుటివాడితో పట్టు, విడిపించుకుని 15, 20 మీటర్ల పరుగు, మళ్లీ కింద పడటం, ఒక్కో సెట్ 40 సెకన్ల లోపే. ఇది చూడ్డానికి చిన్నగా ఉంటుంది గానీ, చేశాక నంబర్1 చెప్పిన చేతులు లేవకపోవడం అంటే ఏంటో వింగర్లకి కూడా అర్థమవుతుంది. వింగ్, సెంటర్లకి ఆ పావుగంటలో మెల్లగా మొదలెట్టి ఫుల్ స్పీడ్‌కి చేరి 20 మీటర్లు నిలబెట్టే స్ప్రింట్లు, మధ్యలో పూర్తి విశ్రాంతి. పూర్తి అంటే పూర్తి, రెండు మూడు నిమిషాలు. వాళ్లు నిలబడి ఉన్నారని ఫార్వర్డ్స్ ఏడ్చినా సరే. స్పీడ్ పనిని మాత్రం చివర్లో కాకుండా వార్మప్ అయిన వెంటనే పెట్టుకుంటే ఇంకా మంచిది, అలసిన కాళ్లతో టాప్ స్పీడ్ రాదు.

పదిహేనోళ్ల_ప్రాప్
సర్ మాట నా మాట ఒకటే. ఎవరి పని వాళ్లకి.

ఏడునిమిషాలు
ఇక్కడే నాకు భయం సర్. ఎవరి పని వాళ్లకి అని మొదలెడితే ప్రాప్‌లు "నాకు 20 మీటర్లు చాలు" అంటారు. అప్పటిదాకా లైన్లో ఉన్న ఫార్వర్డ్ సెకండాఫ్‌లో సెంటర్‌గా మిగిలిపోతాడు, ఎదురుగా వాళ్ల వింగర్. సెవెన్స్‌లో ఆ మిస్‌మ్యాచ్ కోసమే కదా టీములు వెతికేది. ఎల్లో కార్డ్ పడి రెండు నిమిషాలు ఒకడు బయటికెళ్లాడంటే ఇంకా ఘోరం, స్క్రమ్‌కి ముగ్గురు ఉండాల్సిందే కాబట్టి ఫార్వర్డ్ పోతే ఒక బ్యాక్ లోపలికి రావాలి. పొజిషన్ల లెక్క అక్కడితో చెల్లు.

కండిషనింగ్_సర్
మీ భయం న్యాయమైనదే. అందుకే పావుగంట అన్నాను, సెషన్ మొత్తం అనలేదు. 15లలో ఒక లాక్‌కీ (స్క్రమ్ రెండో వరసలో తోసేవాడు) ఒక వింగర్‌కీ సగం వారం వేరే వేరే ఉండొచ్చు. ఇక్కడ అంత దూరం పోతే మీరన్నట్టే అవుతుంది.

టచ్‌లైన్_పిల్ల
ఏడునిమిషాలు గారు చెప్పిన ఎల్లో కార్డ్ మాట నిజం. నాకు స్క్రమ్ నేర్పించండి అని నేనే అడిగాను ఒకసారి, అంతకుముందు ఎవరూ నేర్పలేదు. మెడ ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిని ఏ రోజైనా లోపలికి పంపొచ్చు అంటే ప్రమాదం కదా.

ఫిజియో_డెస్క్
మెడ మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నా. ఆడిన గంటల లెక్కన చూస్తే 15ల కంటే సెవెన్స్‌లో గాయాలు ఎక్కువ, ఎక్కువ వేగంలో గుద్దుకోవడం, ఖాళీ గ్రౌండ్‌లో సడన్‌గా దిశ మార్చడం ముఖ్య కారణాలు. మోకాలు, చీలమండ లిగమెంట్లు ఎవరికైనా పోతాయి, పొజిషన్ చూడవు. నా టేబుల్ మీదికి వచ్చేవాళ్లలో మాత్రం ఒక పద్ధతి ఉంది. టోర్నమెంట్ మొదటి రోజు సాయంత్రం బ్యాక్స్ తొడ వెనక బిగుతుగా ఉందని వస్తారు. ఫార్వర్డ్స్ ఆ సాయంత్రం ఏమీ లేదంటారు, రెండో రోజు పొద్దున్న భుజం తిరగట్లేదు, నడుం వంగట్లేదు అని వస్తారు. గుద్దుడు నొప్పి రాత్రి గడిచాక బయటపడుతుంది. రోజుకి రెండు మూడు మ్యాచ్‌లు, మధ్యలో కొన్ని గంటలే ఖాళీ, ఐదారు మ్యాచ్‌లు గెలిస్తే గానీ కప్పు రాదు, కాబట్టి ఒక్క మ్యాచ్ ఫిట్‌నెస్ గురించి కొట్టుకోవడం కంటే చివరి మ్యాచ్‌కి ఎవరు ఎలా మిగులుతారో చూడాలి. పొద్దున్నే నిలువు జంప్ టెస్ట్ పెట్టండి, రెండు నిమిషాల పని. మామూలు కంటే బాగా తగ్గితే కోచ్‌కి చెప్పండి, ఆ ప్లేయర్‌ని బెంచ్ నుంచి మొదలెట్టొచ్చు.

స్వీపర్9
బెంచ్ అనగానే పారిస్ 2024 ఒలింపిక్స్ ఫైనల్ గుర్తొచ్చింది. డ్యూపాంట్ లాంటి ఆటగాణ్ణి ఫ్రాన్స్ ఫస్టాఫ్ అంతా బెంచ్ మీద కూర్చోబెట్టింది, 7-7 ఉన్నప్పుడు హాఫ్ టైమ్ తర్వాత దింపింది. రాగానే టచ్‌లైన్ వెంట లేచిపోయి ఒక ట్రై ఇప్పించాడు, తర్వాత తనే రెండు కొట్టాడు, 28-7. అలసిన ఫిజీ ఎదురుగా తాజా కాళ్లు. ఐదుగురు సబ్‌లని ఎలా వాడాలో ఆ ఒక్క మ్యాచ్ చూస్తే చాలు.

ఏడునిమిషాలు
అతను దానికోసం ఆ ఏడాది సిక్స్ నేషన్స్ (యూరప్ దేశాల 15ల టోర్నమెంట్) వదిలేసి సెవెన్స్ టీమ్‌తో చేరాడని కూడా చెప్పండి. 15లలో ప్రపంచంలోనే మేటి స్క్రమ్ హాఫ్ కూడా నేరుగా ఇక్కడికొచ్చి ఆడలేడు, ఒళ్లు మార్చుకోవాల్సిందే. నా కామన్ బేస్ వాదనకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

మధ్యలో_హుకర్
నీ వాదనకి సాక్ష్యం దొరికినప్పుడల్లా ఎంత సంతోషపడతావో బ్రో 😀 అయినా ఒప్పుకుంటున్నా.

కొత్తవాడు_రగ్బీ
ఒంటి సైజు చూసి పొజిషన్ ఇస్తారా? నేను పొట్టి.

స్వీపర్9
పొట్టి అయితే దిగులు వద్దు. ఫిజీ జెర్రీ తువాయ్ చిన్న మనిషే, రియోలో గోల్డ్, టోక్యోలో కెప్టెన్‌గా ఇంకో గోల్డ్. కాళ్లు కదిలే పద్ధతి చూసి నేర్చుకో, వీడియోలు బోలెడు ఉంటాయి.

టచ్‌లైన్_పిల్ల
బరువు ఎక్కువని బాధపడే అమ్మాయిలు కూడా ఇది చదువుతుంటే ఇలోనా మాహెర్‌ని చూడండి. బీఎమ్ఐ చార్ట్ ఆమెని ఓవర్‌వెయిట్ అంటుంది, ఆ మాట ఆమే బయటికి చెప్పింది, ఆమె పారిస్‌లో అమెరికాకి బ్రాంజ్ గెలిచిన టీమ్‌లో ఉంది. సెంటర్‌లో ఆమె చేతి తోపు తిన్నవాళ్లని అడగాలి బరువు ఎందుకో. మా టీమ్‌లో ఒకమ్మాయి సన్నబడాలని తిండి తగ్గించి రెండో రోజు మ్యాచ్‌లో నిలబడలేకపోయింది, చూడ్డానికే బాధేసింది. ప్లీజ్ ఎవరూ అలా చెయ్యకండి.

ఫిజియో_డెస్క్
👆 ఈ పోస్ట్‌ని పైన పిన్ చెయ్యండి అడ్మిన్.

నంబర్1_జెర్సీ
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నాలుగు సెకన్ల కుస్తీ సంగతి, 867 లెక్క రెండూ మా ట్రైనర్‌కి చూపించాను. కోపం రాలేదు, చివరి పావుగంట విడగొట్టి చూద్దాం అన్నాడు. ఇంకో ప్రశ్న ఉంది, కోచ్ ఐదారు కిలోలు పెరగమంటున్నాడు. పెరిగితే స్పీడ్ పోతుందని భయం. వింగ్‌లో ఉన్న స్పీడే నాకు మిగతా ప్రాప్‌ల మీద ఉన్న బలం.

పదిహేనోళ్ల_ప్రాప్
పెరుగు తమ్ముడూ, టాకిల్‌లో తేడా నీకే తెలుస్తుంది.

జీపీఎస్_చొక్కా
తొందరపడొద్దు. నెల నెలా బరువు, 40 మీటర్ల స్ప్రింట్, బ్రాంకో మూడూ పక్కపక్కన రాసుకో. బరువు పెరిగి స్ప్రింట్ అలాగే ఉంటే అది పనికొచ్చే బరువు. స్ప్రింట్ పడిపోవడం మొదలైతే అక్కడ ఆగు. బ్రాంకో టైమ్ కొంచెం పెరిగితే కంగారు పడకు, ఎందుకో సర్ పైన చెప్పారు.

కండిషనింగ్_సర్
ఇంకోటి కలుపుతాను. ఐదారు కిలోలు సీజన్ మధ్యలో వద్దు, టోర్నమెంట్లు లేని నెలల్లో చెయ్యి. బరువుకంటే ముందు మెడ, వెన్ను, పట్టు బలం పెంచు. వింగ్ నుంచి వచ్చావు కాబట్టి కాళ్లు సిద్ధంగానే ఉంటాయి, పైభాగం వెనకబడి ఉంటుంది. బరువులు లాగే ఎక్సర్‌సైజులు, బరువు మోసుకుని నడవడం, చేత్తో తలని ఆపి మెడతో తోయడం నాలుగు వైపులా, ఇవి వారానికి రెండు మూడు సార్లు. స్ప్రింట్లు మాత్రం వదలకు. వారానికి ఒకసారి టచ్‌లైన్_పిల్ల వాళ్లతో కలిసి ఫుల్ స్పీడ్ పని చెయ్యి, నిలబడి రెస్ట్ తీసుకుంటుంటే ఎవరేమన్నా పట్టించుకోకు.

టచ్‌లైన్_పిల్ల
రా, మా వైపు ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. బదులుగా స్క్రమ్‌లో బైండ్ (ఒకరినొకరు పట్టుకోవడం) ఎలా చెయ్యాలో నువ్వు నేర్పించు.

మధ్యలో_హుకర్
బైండ్ విషయం అయితే విడిగా థ్రెడ్ వేస్తా, ఫొటోలతో. కిక్ ఆఫ్‌కి జంప్ చేసేవాణ్ణి ఎత్తడం కూడా అందులోనే పెడతా, అది చాలామంది నడుంతో ఎత్తుతున్నారు, కాళ్లతో ఎత్తాలి.

నంబర్1_జెర్సీ
వెయ్యన్నా, లింక్ ఇక్కడ పెట్టు. శనివారం మ్యాచ్ ఉంది, అంతకుముందే చూడాలి.